బోరుబావికి ఉన్న మర్యాద నా బండికి ఎందుకు లేదు?

మా సొంతూరు మునుగోడు దిక్కున ఉంది. అక్కడ మా పాలివాళ్లలో, వరుసకు నాకు అన్న అయ్యే ఒకాయన తన నాలుగెకరాల చెలకలో ఇప్పటివరకు తొమ్మిది బోర్లు వేయించాడు. ఎనిమిదింటిలో నీళ్లకు బదులు దుబ్బ, అంటే ఒట్టి దుమ్ము, లేచింది. తొమ్మిదో దానిలో పడిన కొద్దిపాటి నీళ్లు సంక్రాంతి రాకముందే అడుగంటాయి. అయినా ఆయనను పిచ్చివాడని ఊరిలో ఒక్కరూ అనలేదు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని, అది లేచి నిలబడిన చోటే నీళ్ల పాయింట్ అని చెప్పే మనిషి వస్తే పదిమంది ఆయన వెంట చెలకంతా తిరుగుతారు, రిగ్గు లారీ వచ్చిన రాత్రి ఊరు సగం అక్కడే కూర్చుంటుంది, నీళ్లు పడకపోతే "గంగమ్మకు దయ రాలే" అని ఓదార్చి ఇళ్లకు పోతారు. నేను 1974లో తయారైన ఒక రెండు సీట్ల ఇంగ్లీషు స్పోర్ట్స్ కారును కొని, నల్లగొండలో నా ఇంటి ముందున్న రేకుల షెడ్డులో నాలుగేళ్లుగా బాగుచేసుకుంటున్నాను. నన్ను ఓదార్చినవాళ్లు ఒక్కరూ లేరు. "ఏం సారూ, ఇయ్యాలనన్న లేస్తదా?" అని పాలు పోసే పిల్లవాడు కూడా అడుగుతాడు. "గా పాత డబ్బకు పెట్టిన పైసలతోని రెండు పాడి బర్లు వస్తుండె గద కొడకా" అని మా అమ్మ ప్రతి పండుగకూ లెక్క చెబుతుంది. భూమికి పెట్టిన రంధ్రంలో డబ్బు పోస్తే వ్యవసాయం, బానెట్ కింద పోస్తే దుబారా అనే ఈ పక్షపాతాన్ని ఖండించడానికే ఈ వ్యాసం.

బండి కంపెనీ పేరు చెప్పను. యాభై ఏళ్ల కిందట అది చేసి పంపిన సరుకులో తప్పేమీ లేదు. పాపమంతా ఆ తర్వాత దాని మీద చేయి వేసినవాళ్లది, అందులో ప్రస్తుతానికి నేనే పెద్దవాణ్ని. పరాయి దేశపు బండి అని భయపడేవారికి ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఆ కాలపు ఇంగ్లీషు స్పోర్ట్స్ కార్లలో కొన్ని మన అంబాసిడర్‌కు దగ్గరి చుట్టాలు. వాటిలో ఒకటైన ఎం.జి.బి.లో ఉన్న 1798 సి.సి. ఇంజన్, అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు ఉన్న 1489 సి.సి. ఇంజన్ రెండూ బి.ఎం.సి. (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) కంపెనీ వారి బి సిరీస్ సంతానమే. ఒకటి లండన్ శివార్లలో అమ్మాయిలను ఎక్కించుకొని తిరిగితే, రెండోది మన దగ్గర ఎమ్మార్వోలను, పెళ్లికొడుకులను, ఒక్కోసారి సీటుకు ముగ్గురు చొప్పున దేవరకొండ ప్రయాణికులను మోసింది. అందుకే పాత టాక్సీల మీద చేయి తిరిగిన ఉస్తాద్ ఒకాయన నా బండి బానెట్ ఎత్తగానే, తప్పిపోయిన మేనల్లుడిని చూసినట్లు చూసి, పానా కోసం చేయి చాచాడు.

ఇక రోగం సంగతి. ఇంటి ముందు నిలబెట్టి ఇంజన్ తిప్పితే గంటసేపైనా నిక్షేపంగా తిరుగుతుంది. రోడ్డెక్కి యాభై, అరవై వేగంలో నిలకడగా పోతున్నప్పుడు మాత్రం దగ్గడం మొదలుపెడుతుంది, కుదుపుతుంది, ఆగుతుంది. విచిత్రమేమిటంటే యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కితే మళ్లీ పుంజుకుంటుంది. అంటే నిలబడినా మంచిదే, పరుగెత్తినా మంచిదే, మర్యాదగా నడిస్తేనే చేటు. పైగా డాక్టరు ముందు కూర్చోగానే నొప్పి మాయమయ్యే రోగిలాగా, షెడ్డులో ఉస్తాద్ ఎదుట దాని ప్రవర్తనకు వంక పెట్టడానికి ఉండదు. ఒక అమావాస్య నాడు చెర్వుగట్టు దగ్గర ఆగిపోతే, జడల రామలింగేశ్వరుని దర్శనానికి వచ్చిన భక్తులు నెట్టారు, నెట్టినవారిలో ప్రతి ఒక్కరూ ఒక రోగం పేరు చెప్పి మరీ వెళ్లారు.

ఆ రోగాలన్నింటికీ నేను వైద్యం చేయించాను. ప్లగ్గులు మార్చాను. ప్లగ్గు వైర్లు మార్చాను. కాయిల్ మార్చాను. "కండెన్సర్ పోయింది సాబ్" అంటే కండెన్సర్ మార్చాను, "కొత్త కండెన్సర్లు కూడా మంచియి వస్తలేవు సాబ్" అంటే పాతదే మళ్లీ పెట్టించాను. నిప్పురవ్వ కోసం కరెంటును కలిపి విడదీసే కాంటాక్ట్ పాయింట్లు కొత్తవి వేయించి, వాటి మధ్య సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య, అంటే పెళ్లిపత్రిక అట్ట మందమంత ఉండేటట్లు నేనే ఫీలర్ గేజ్ పెట్టి సరిచేశాను. పెట్రోలు పంపు మార్చాను, పెట్రోలును గాలితో కలిపే కార్బరేటర్ విప్పి కడిగించాను, ట్యాంకు దించి తుప్పు వదిలించాను. రబ్బరు గొట్టాలు మార్చాను. ఇదొక్కటి మాత్రం ఎలాగూ చేయవలసిన పనే, ఎందుకంటే ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, 1970ల నాటి రబ్బరు దానికి ఉబ్బి, పగిలి, పెట్రోలును వేడి ఇంజన్ మీద చల్లడానికి సిద్ధపడుతుంది. పైగా పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక పాలుకు 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 పాళ్లు చాలు. కాబట్టి పాత జెట్లు, అంటే పెట్రోలును కొలిచి వదిలే సన్న రంధ్రాలు, ఉన్న కార్బరేటర్ ఈ కొత్త మిశ్రమాన్ని అర్ధాకలితోనే ఇంజన్‌కు వడ్డిస్తుంది. జెట్లు ఒక సైజు పెంచాను కూడా. ఎలాగూ చేయవలసిన గొట్టాలను వదిలేసి లెక్కపెట్టి చూస్తే తొమ్మిది మార్పులు తేలాయి. మా అన్నకూ తొమ్మిదే. ఆయనకు లాగే నాకూ ప్రతిసారీ దుబ్బే లేచింది, ప్రతిసారీ "ఇంకో పది అడుగులు ఇటు జరిపి చూస్తే..." అనే ఆశ కూడా లేచింది.

ఈలోగా ఎండాకాలం వచ్చి ఇంజన్ వేడెక్కడం మొదలైంది. మా జిల్లా నీళ్ల చరిత్ర తెలియనివారికి ఇది చిన్న విషయంగా తోచవచ్చు. మనుషుల పళ్లను గారపట్టించి, ఎముకలను వంచిన నీళ్లు ఇవి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతికి "నల్లగొండ టెక్నిక్" అనే పేరు పెట్టారంటే, ఒక ఊరికి అంతకంటే బాధాకరమైన కీర్తి ఉండదు. రేడియేటర్‌కు ఫ్లోరైడ్‌తో పేచీ లేదు, దాని శత్రువు కఠినత్వం. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి గట్టిపడి, టీ గిన్నె అడుగున పేరుకున్నట్లు రేడియేటర్ గొట్టాల లోపల పొరలు కడతాయి. నా బండికి పాత యజమాని ఎన్నేళ్లు బోరు నీళ్లు తాగించాడో గాని, రేడియేటర్ విప్పి తలకిందులు చేస్తే అందులోంచి ఒక చిన్న గుట్ట రాలింది. దానికి ఉస్తాద్ సూచించిన చికిత్స, థర్మోస్టాట్ వాల్వు పీకి పారేయడం. ఎనభై డిగ్రీలు దాటితే తెరుచుకొని, చల్లగా ఉన్నప్పుడు మూసుకొని ఇంజన్‌ను సరైన వేడిలో నిలిపే ఆ పరికరాన్ని పీకేయడం, జ్వరం తగ్గడం లేదని థర్మామీటరును విరిచేయడం వంటిదని నేను వాదించాను. ఉస్తాద్ విన్నాడు, తలూపాడు, నేను చాయ్ తేవడానికి పోయినప్పుడు పీకేశాడు.

అసలు కారణం ఒక ఆదివారం మధ్యాహ్నం, కరెంటు పోయి పని లేక, వైర్లను పరీక్షించే మల్టీమీటర్‌తో ఆడుకుంటుంటే దొరికింది. ప్లగ్గులకు నిప్పురవ్వను పంచే డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్లు బిగించిన పలక ఒకటి ఉంటుంది. నిలకడగా పోతున్నప్పుడు ఇంజన్ పీల్చే గాలి లాగుడుకు ఆ పలక కొద్దిగా పక్కకు తిరిగి నిప్పురవ్వను ముందుకు జరుపుతుంది. నా బండిలో నిలబడినప్పుడు గాని, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు గాని ఆ లాగుడు పలకను చేరదు, పలక కదలదు. ఆ పలకను డిస్ట్రిబ్యూటర్ బాడీకి కలిపే ఎర్త్ వైరు రెండంగుళాలు కూడా ఉండదు, మొలతాడు పోగులాగా మెత్తగా అల్లి ఉంటుంది. యాభై ఏళ్లు అటూ ఇటూ వంగి వంగి అది పైతొడుగు లోపలే తెగింది. పలక కదలనంతసేపు తెగిన కొసలు ఆనుకొని ఉంటాయి, కదిలితే విడిపోతాయి. పలకను వేలితో కదిలించినప్పుడల్లా మీటరులో అంకె గంతులు వేసింది. మార్చిన తొమ్మిది భాగాల్లో ఒక్కదానికీ ఈ నేరంతో సంబంధం లేదు. ఒక పాత స్పీకరు వైరు ముక్కను కోసి టంకం పెట్టాను, బండి నార్కట్‌పల్లి దాకా పోయి తిరిగి వచ్చింది.

నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం నాకు అన్నం సహించలేదు. రోగం కుదిరిన బండితో ఏం చేయాలో నాలుగేళ్లలో ఒక్కసారీ ఆలోచించి ఉండలేదు. నడపవచ్చు గదా అని మా ఇంటావిడ అన్నది. రోగం కుదిరిన బండిని ఊరికే నడపడమంటే నీళ్లు పడిన బోరును చూస్తూ కూర్చోవడమే. కాబట్టి బండిని మెరుగుపరచాలని నిర్ణయించాను.

మొదట గాలి ఫిల్టరు డబ్బా తీసేసి కోను ఆకారపు ఫిల్టరు పెట్టాను. చప్పుడు పులిలాగా ఉంది. అయితే అది బయటి గాలిని వదిలి ఇంజన్ పక్కనున్న వేడి గాలిని పీలుస్తుంది, వేడి గాలి పలుచన గనుక బలం తగ్గింది. బలం తగ్గిందని సైలెన్సర్ మార్చాను. చప్పుడు ఇంకా పెరిగింది. చక్రాలను 13 అంగుళాల నుంచి 15కు పెంచాను, 155/80 టైర్ల స్థానంలో 195/50 టైర్లు (మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు) వేశాను. మొత్తం ఎత్తు రెండు మిల్లీమీటర్లే తగ్గుతుందని లెక్క వేసి మురిసిపోయాను గాని, నలభై మిల్లీమీటర్ల అదనపు వెడల్పు మలుపు తిరిగినప్పుడల్లా మడ్‌గార్డును గీరుతుందన్నది లెక్కలో లేకపోయింది. చివరగా స్ప్రింగులు కోయించి బండిని రెండంగుళాలు కిందికి దించాను. రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో గుండ్రంగా వాలాలి. మా తొవ్వలో ఉన్నవి ఆ పుస్తకం చదివి వేసినవి కావు. ఒక్కొక్క పల్లె వాళ్లు, తమ ఊరి ముందు ఎవరికి ప్రమాదం జరిగిందో ఆ దుఃఖమంత ఎత్తు వేసుకున్నారు. వాటి మీద నా బండి తక్కెడలాగా ఊగుతూ నిలబడిపోయినప్పుడు నేను వాళ్లను ఏమీ అనలేకపోయాను. యాసంగి కోతల్లో మిర్యాలగూడ దిక్కు పోతే సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, నా బండి అడుగు ఆ రాశిని చదును చేసుకుంటూ పోతుంది. "నాగలి కట్టుకొచ్చినవా సారూ?" అని ఒక రైతు అడిగాడు. అడగడంలో తప్పు లేదు.

చట్టం దృష్టిలో నా స్థితి ఇంకా సొగసైనది. 2021లో కేంద్రం చేసిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్ వాహనంగా 20,000 రూపాయలు కట్టి రిజిస్టర్ చేయించవచ్చు, నంబరులో "వి.ఎ." అనే అక్షరాల గౌరవం దక్కుతుంది. అలాంటి బండి ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోడ్డెక్కరాదు. ఈ నియమాన్ని నా బండి చట్టం రాకముందు నుంచే తు.చ. తప్పక పాటిస్తున్నది. కాని అసలు రూపం మారకుండా ఉండాలన్నది షరతు. అది ఇప్పుడు పోయింది. మోటారు వాహనాల చట్టంలోని 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా ఉంది, జైలు సంగతి అలా ఉంచుదాం. నా నాలుగు మార్పులూ ఆ లెక్కలోకి వస్తాయనుకుంటే సరిగ్గా 20,000. చేయి పెట్టకుండా ఉంచితే ఎంత కట్టాలో, చేయి పెట్టినందుకూ అంతే కట్టాలన్న ఈ సమన్యాయం బోరుబావుల చట్టంలో కూడా ఉండదు.

ఐదో మార్పు గురించి అధికారులకు తెలియకపోవడం మంచిది. వైరు తెగిన అవమానాన్ని మరిచిపోలేక, పాయింట్లు, కండెన్సర్ తీసేసి వాటి స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించాను. వారం తిరగకముందే, ఇంజన్ ఆపి తాళంచెవి ఆన్‌లోనే వదిలేసి భోజనానికి పోయాను. తిరిగి వచ్చేసరికి ఆ మాడ్యూలు వేడెక్కి ప్రాణం విడిచింది. సరిగ్గా ఆ సమయానికి మా అన్న ఏదో పని మీద నల్లగొండ వచ్చి, షెడ్డులోకి తొంగిచూశాడు. బానెట్ కిందికి చాలాసేపు చూశాడు. ఆ చూపులో ఎగతాళి లేదు, దుబ్బ ఎన్నిసార్లు లేచిందో లెక్క తెలిసిన మనిషి చూపు అది.

"పాయింట్ ఏడున్నది తమ్మీ?"

"పాయింట్లు తీసేసిన అన్నా. ఇప్పుడంత ఎలక్ట్రానిక్."

"పాయింటే తీసేసినంక నీళ్లెట్ల పడ్తయిరా?"

మరుసటి ఆదివారం ఆయన కొబ్బరికాయ మనిషిని వెంటబెట్టుకొని వచ్చాడు. ఆ మనిషి చెప్పులు విడిచి, కాయను అరచేతిలో పెట్టుకొని బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మల్టీమీటర్ ఉన్న ఇంట్లో ఇది జరిగిందని రాయడానికి నాకు మొగమాటంగా ఉంది గాని, కాయ డిస్ట్రిబ్యూటర్ పైకి రాగానే లేచి నిలబడింది.