మార్తా లేని లోటు

డిటెక్టివ్ సినిమా 'గ్లాస్ ఆనియన్' (2022) దాని మొదటి భాగమైన 'నైవ్స్ అవుట్'ను మించిందని ఒక వ్యాసంలో రాశారు. నవ్వుల వరకైతే సరే. కానీ 2019లో వచ్చిన 'నైవ్స్ అవుట్'కు అసలు పట్టు మార్తా పాత్రే. అబద్ధం చెబితే వాంతి చేసుకునే నర్సు, డిటెక్టివ్ పక్కనే తిరుగుతూ నిజం దాచాలి! కామెడీ, టెన్షన్ రెండూ అక్కడే పుట్టాయి. ఆమె యజమాని చనిపోయిన రాత్రి ఏం జరిగిందో ముందే చెప్పేసినట్టు నమ్మించి, చివరిదాకా కూర్చోబెట్టాడు దర్శకుడు రయన్ జాన్సన్. రెండో భాగంలో గ్రీసు దీవి కళ్లు చెదిరేలా ఉంది. సగంలో కథ వెనక్కి వెళ్లి అవే సన్నివేశాలను ఇంకో వైపు నుంచి చూపించడమూ భలే ఉంది. అయితే ఆ దీవికి వచ్చిన స్నేహితుల్లో ఎవరికేమైనా నాకు బెంగ కలగలేదు. డిటెక్టివ్‌గా డేనియల్ క్రెయిగ్ మాత్రం ఈసారే ఎక్కువ సరదాగా చేశాడు, ఈతకొలనులో ఆ చారల డ్రెస్సుతో సహా.