ట్యాబ్‌లు తిరిగి రాకపోతే ముందు చేయకూడని పని

పోయిన వర్షాకాలంలో ఒక సాయంత్రం కరెంటు పోయింది. యూపీఎస్ కూడా ఎంతోసేపు నిలవకపోవడంతో నా కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోయింది. పాత చెరువుల గొలుసు మీద రాస్తున్న ఒక వ్యాసం కోసం మూడు వారాలుగా వెతికి పెట్టుకున్న అరవై దాకా పేజీలు రెండు విండోల్లో ట్యాబ్‌లుగా తెరిచి ఉన్నాయి. కరెంటు వచ్చాక బ్రౌజర్ తెరిస్తే ఒకే ఒక ఖాళీ పేజీ ఎదురైంది. సరిగా తెరుచుకోలేదేమోనని మూసి మళ్లీ తెరిచాను. అప్పుడూ అంతే, మూడోసారీ అంతే. ఆ పేజీలు చేజారింది కరెంటు పోయినప్పుడు కాదని, నేను కంగారుపడి మూస్తూ తెరుస్తూ ఉన్నప్పుడని తెలియడానికి కొన్ని రోజులు పట్టింది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే బ్రౌజర్ తన జ్ఞాపకాన్ని ఎక్కడ దాచుకుంటుందో చూడాలి. ఆగిపోయిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టే సౌకర్యం ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో 2006 అక్టోబరులో విడుదలైన రెండో వెర్షన్‌తో వచ్చింది. నేటికీ అది చేసే పని సూటిగానే ఉంటుంది. తెరిచి ఉన్న ట్యాబ్‌ల వివరాలను మామూలుగా 15 సెకన్లకోసారి ప్రొఫైల్ ఫోల్డర్‌లో (మన బుక్‌మార్కులు, సెట్టింగ్‌లు ఉండే చోటు) 'సెషన్‌స్టోర్ బ్యాకప్స్' అనే చోట 'రికవరీ' పేరుతో ఒక ఫైల్‌లో రాస్తూ పోతుంది. పద్ధతి ప్రకారం మూసినప్పుడు 'సెషన్‌స్టోర్' అనే ఫైల్ ప్రొఫైల్ ఫోల్డర్‌లోకి చేరుతుంది. మళ్లీ తెరవగానే అది 'ప్రీవియస్' అనే పేరుతో బ్యాకప్స్‌లోకి వెళ్తుంది. క్రోమ్‌లో ఇదే పని 'సెషన్స్' అనే ఫోల్డర్‌లో జరుగుతుంది. అక్కడ 'సెషన్', 'ట్యాబ్స్' అనే పేర్లతో మొదలై వెనుక పొడవైన అంకెలున్న ఫైళ్లు ఉంటాయి. వాటిలో ఇప్పటి సెషన్‌వి (బ్రౌజర్‌ను తెరిచినప్పటి నుంచి మూసేదాకా ఒక సెషన్) కొన్ని, దాని ముందటి సెషన్‌వి కొన్ని.

అంటే బ్రౌజర్‌కు గతం ఒకటి రెండు అడుగుల మేరకే గుర్తుంటుంది. ఖాళీ పేజీతో తెరుచుకున్న బ్రౌజర్‌ను మూస్తే ఆ ఖాళీ పేజీయే 'గత సెషన్'గా నమోదవుతుంది. ఇంకోసారి అదే పని చేస్తే మనకు కావలసిన రికార్డు మీద కొత్తది వచ్చి కూర్చుంటుంది. చెడిపోయిన ఏ వస్తువునైనా ఆపి మళ్లీ నడిపి చూడమని అందరం చెప్పుకునే సలహా ఇక్కడ మాత్రం నష్టాన్ని శాశ్వతం చేస్తుంది.

కాబట్టి ట్యాబ్‌లు కనిపించనప్పుడు మొదట బ్రౌజర్‌ను మూయకూడదు. హిస్టరీ మెనూలో ముందటి సెషన్‌ను తిరిగి తెరిచే ఆదేశం ఉందేమో, ఇటీవల మూసిన విండోల జాబితాలో మన విండో ఉందేమో చూడాలి. కంట్రోల్, షిఫ్ట్, టి మీటలు కలిపి నొక్కితే క్రోమ్‌లో చాలాసార్లు పోయిన విండో మొత్తంగా తిరిగి వస్తుంది. కంప్యూటర్ అర్ధంతరంగా ఆగిపోయిన తర్వాత క్రోమ్ ఒక చిన్న పెట్టెలో పేజీలను తిరిగి తెరవమంటారా అని అడుగుతుంది. దాన్ని ప్రకటన అనుకుని మూసేసేవారు ఎందరో ఉన్నారు. ఆ సాయంత్రం నేనూ అలాగే మూసి ఉంటాననిపిస్తుంది. ఫైర్‌ఫాక్స్ వరుసగా కుప్పకూలితే ట్యాబ్‌ల జాబితాను ముందుంచి ఏవి కావాలో ఎంచుకోమంటుంది. అనుమానం ఉన్న పేజీ ఎదుట టిక్కు తీసేసి మిగిలినవి తెచ్చుకోవచ్చు.

వీటిలో ఏదీ ఫలించకపోతే ఫైళ్ల దాకా వెళ్లాలి. ఫైర్‌ఫాక్స్‌లో హెల్ప్ మెనూ నుంచి ట్రబుల్‌షూటింగ్ సమాచారం పేజీకి వెళ్తే ప్రొఫైల్ ఫోల్డర్‌ను తెరిచే బటన్ ఉంటుంది. ముందుగా ఆ బ్యాకప్స్ ఫోల్డర్ మొత్తాన్ని డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసుకోవాలి, ఆ తర్వాతే బ్రౌజర్‌ను మూయాలి. కాపీ చేసిన వాటిలో పరిమాణం పెద్దగా, తేదీ సరిగ్గా ఉన్న ఫైల్‌ను ప్రొఫైల్ ఫోల్డర్‌లోని 'సెషన్‌స్టోర్' ఫైల్ స్థానంలో అదే పూర్తి పేరుతో ఉంచి, మళ్లీ తెరిచి, ముందటి సెషన్‌ను రప్పించుకోవాలి. కొన్ని కిలోబైట్ల ఫైల్‌లో అరవై ట్యాబ్‌లు ఉండే అవకాశం తక్కువ గనుక ఫైల్ పరిమాణమే మంచి ఆనవాలు.

అసలు ఏమీ పోకుండానే పోయాయనిపించే సందర్భాలు కూడా ఉన్నాయి. వాటిలో తరచుగా జరిగేది ఒకటుంది: ట్యాబ్‌లన్నీ ఉన్న పెద్ద విండోను ముందు మూసేసి, వేరే పని మీద తెరిచిన చిన్న విండోను కాసేపటికి మూస్తాం. మర్నాడు తిరిగి వచ్చేది ఆ చివరి విండోయే. విండోలను ఒక్కొక్కటిగా మూయకుండా మెనూలోని ఎగ్జిట్‌తో మొత్తం ఒకేసారి మూస్తే ఈ చిక్కు రాదు. మరో కారణం ప్రొఫైల్ మారిపోవడం. 2019 మే నెలలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 67వ వెర్షన్ నుంచి ఒకే కంప్యూటర్‌లోని ఒక్కో ఇన్‌స్టలేషన్‌కు (విడిగా ఇన్‌స్టాల్ చేసిన ఒక్కో ఫైర్‌ఫాక్స్‌కు) ఒక్కో ప్రొఫైల్ ఏర్పడుతుంది. అందువల్ల రెండో ఇన్‌స్టలేషన్ తెరిచినవారికి బుక్‌మార్కులు సహా అంతా మాయమైనట్టు కనిపిస్తుంది, నిజానికి అవి పక్క ప్రొఫైల్‌లో భద్రంగానే ఉంటాయి. అయితే మూసేటప్పుడు హిస్టరీ చెరిపేయమని సెట్టింగ్ పెట్టుకున్నా, హిస్టరీ దాచని ఇన్‌కాగ్నిటో విండోలో పని చేసినా నిజంగానే తిరిగి రావడానికి ఏమీ మిగలదు. నెట్ సెంటర్లలోని కంప్యూటర్లలో ఇలాంటి సెట్టింగ్ ఉండటం సబబే, అయితే అక్కడ దరఖాస్తు నింపే విద్యార్థికి ఆ సంగతి ముందే తెలియాలి.

ట్యాబ్ తిరిగి వచ్చి కూడా అందులోని పని తిరిగి రాకపోవడం ఇంకో బాధ. సెషన్ ఫైల్‌లో ఉండేది పేజీ కాదు. దాని చిరునామా, అంతకు ముందు చూసిన పేజీల వరుస, ఎంతవరకు కిందికి జరిపామన్నది, కొన్ని సందర్భాల్లో మనం గడుల్లో నింపిన అక్షరాలు. పేజీ మళ్లీ ఆ వెబ్‌సైట్ నుంచే రావాలి. ఈలోగా లాగిన్ గడువు ముగిసినా, మనల్ని గుర్తుపట్టడానికి వెబ్‌సైట్ బ్రౌజర్‌లో దాచే కుకీలు చెరిగిపోయినా, నాలుగో దశ దాకా నింపిన దరఖాస్తు మొదటి దశకు పోతుంది. ఇక్కడ తప్పు బ్రౌజర్‌ది కాదు. మధ్యమధ్యలో దాచుకునే వీలు లేకుండా పొడవాటి దరఖాస్తులు తయారుచేసినవారిది.

ఈ మాట ఎత్తినప్పుడల్లా నాకు వినిపించే జవాబు ఒకటే: ముఖ్యమైతే బుక్‌మార్క్ చేసుకోవాల్సింది కదా అని. నేను దాన్ని ఒప్పుకోను. ఉంచుకోవాలని తేల్చుకున్నదాన్ని బుక్‌మార్క్ చేస్తాం. ఇంకా తేలని ఆలోచన ట్యాబ్‌గా మిగిలి ఉంటుంది. సగం చదివిన పుస్తకాలను బల్ల మీద బోర్లించి ఉంచినట్టే ఇదీను. జనం ఇలాగే వాడతారని బ్రౌజర్ తయారీదారులకు తెలుసు కాబట్టే మూసిన ట్యాబ్‌ను తెరిచే మీట, ట్యాబ్ గ్రూపులు, వాడని ట్యాబ్‌లను నిద్రపుచ్చే మెమరీ సేవర్ వచ్చాయి. అంత తెలిసినవారు గత సెషన్ రికార్డును ఒక్క మాటైనా చెప్పకుండా చెరిపేయడం న్యాయం కాదు. ఈ ఫైళ్లు పెద్దవేమీ కావు. చివరి పది సెషన్లను తేదీలతో దాచి, అరవై ట్యాబ్‌ల రికార్డు స్థానంలో ఒక్క ట్యాబ్ రికార్డు చేరబోయేటప్పుడు వినియోగదారుణ్ని అడిగితే చాలు. ఫైర్‌ఫాక్స్ ఇప్పటికే వెర్షన్ మారినప్పుడల్లా 'అప్‌గ్రేడ్' అనే పేరుతో ఒక నకలు తీసి, అలాంటివి మూడింటి దాకా ఉంచుతుంది. అది మామూలు రోజులకు ఎందుకు వర్తించకూడదు? ఏం చూశామో అంతకాలం డిస్క్‌లో ఉండిపోవడం గోప్యతకు మంచిది కాదనే అభ్యంతరంలో బలం ఉంది. అందుకు హిస్టరీతో పాటే ఆ నకళ్లు కూడా చెరిగిపోయే ఏర్పాటు చేయాలి.

నా అరవై పేజీల కోసం చివరికి హిస్టరీనే ఆశ్రయించాను. కరెంటు పోయిన రోజు తేదీ కింద వెతికితే ఏడెనిమిదే కనిపించాయి. పేజీ ఎన్నాళ్లు తెరిచి ఉన్నా హిస్టరీలో దాన్ని తెరిచిన రోజు కిందే నమోదవుతుందని స్ఫురించాక, మూడు వారాలు వెనక్కి వెళ్లి ఒక్కో రోజూ వెతికితే నలభైకి పైగా దొరికాయి.