37 లీటర్ల ట్యాంకులో 40 పట్టిందా? పడుతుంది బావా!

బెంగళూరు నుంచి అనంతపురం, కర్నూలు వైపు వెళ్లే మనవాళ్లు బాగేపల్లిలో ఫుల్ ట్యాంక్ కొట్టించకుండా కదలరు, బోర్డర్ దాటితే ఆంధ్రా రేటు కదా. గొడవలూ అక్కడే. మొన్న మా బావ స్విఫ్ట్‌లో 40 లీటర్ల పైనే పట్టింది, మాన్యువల్లో చూస్తే 37. ఇంకేముంది, బిల్లు ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పడింది, కింద అందరూ ‘దోపిడీ, దోపిడీ’.

అయ్యా, కంపెనీవాడు రాసే అంకె అంచుదాకా నింపి కొలిచింది కాదు. పెట్రోల్ పది డిగ్రీల వేడి పెరిగితే దాదాపు ఒక శాతం ఉబ్బుతుంది. నేల కింది ట్యాంకులో చల్లగా ఉన్నది ఎండలో కాగుతున్న కారులోకి వచ్చాక దానికీ, దాని ఆవిరికీ చోటు కావాలి. అందుకే పైన కొంత ఖాళీ వదిలి ఆ అంకె ఇస్తారు. పెట్రోల్ గన్ కొసన చిన్న రంధ్రం ఉంటుంది, పెట్రోల్ అక్కడిదాకా వచ్చి దాన్ని మూసెయ్యగానే టక్కున కట్ అవుతుంది. అక్కడితో ఆగుతామా? కారు ఊపుతాం, ‘రౌండ్ ఫిగర్ చెయ్ తమ్ముడూ’ అంటాం. ఆ ఖాళీలోకీ, మూత కింది గొట్టంలోకీ లీటర్లు దిగుతాయి. మరీ ఎక్కువైతే ఆవిరిని పట్టే బొగ్గు డబ్బా తడిసి పాడవుతుంది, ఆ బిల్లు వేరే.

ఇక అసలు కెపాసిటీ తేలుస్తానని కారు ఆగిపోయేదాకా తోలేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఫ్యూయల్ పంపు ట్యాంకులోనే, పెట్రోల్‌లో మునిగి చల్లగా ఉంటుంది, ఖాళీ ట్యాంకుతో తిప్పితే దానికే చేటు. రిజర్వ్ లైటు వెలిగాక మొదటి కట్ దాకా ఎంత పట్టిందో రెండు మూడు బిల్లులు దాచుకుని చూడండి, రోజూ మీకు పనికొచ్చే లెక్క అదే.

మోసం చేసే బంకులు లేవని నేననడం లేదు. కానీ దొంగని ఈ 37 పట్టించదు. మీటర్లో 36 చూపించి 35 పోశాడనుకోండి, మాన్యువల్ లెక్కకి హాయిగా సరిపోతుంది, మా బావ వాడికి థ్యాంక్స్ చెప్పి మరీ బయల్దేరతాడు! అనుమానం వస్తే తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల కొలపాత్ర తెమ్మనండి. ప్రతి బంకులో అది ఉండాలి, అడిగితే మన ముందే పట్టి చూపించాలి. 25 మిల్లీలీటర్లకి మించి తగ్గితే అప్పుడు ఫిర్యాదు చెయ్యండి. కన్నడ రాదని మొహమాటపడకండి, బాగేపల్లిలో తెలుగు బాగానే నడుస్తుంది.