మెట్లు చూపించని కాటేజీకి ఒక మెట్టు దిగి రాస్తున్న లేఖ

ఇంగ్లండ్ పల్లెల్లో కొలువై ఉన్న హాలిడే కాటేజీ గారికి,

నమస్కారం. మీ జవాబు ఇప్పుడే అందింది. బాత్రూమ్ కింది అంతస్తులో వంటగది వెనకాల ఉందనీ, వచ్చినవాళ్లందరికీ అదో సరదాగా ఉంటుందనీ మీ ఓనరు గారు ఎంతో మర్యాదగా రాసి, చివర ఒక నవ్వు బొమ్మ కూడా పెట్టారు. చాలా సంతోషం. ఆదివారం భోజనం చేసి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నదాన్ని, ఈ ఒక్క ముక్క తెలుసుకునేసరికి పొద్దుగూకింది. ఇంగ్లండ్‌లో ఏప్రిల్ నెలాఖర్లో పొద్దు ఎంత ఆలస్యంగా గూకుతుందో మీకు నేను చెప్పాలా.

విషయం మీకు తెలిసిందే. మే చివర్లో పిల్లలకి హాఫ్ టర్మ్, అంటే టర్మ్ మధ్యలో వచ్చే వారం రోజుల బడి సెలవు. రాజమండ్రి నుంచి అమ్మా నాన్నా వచ్చి ఉన్నారు. వచ్చిన దగ్గర్నుంచి రెడింగ్‌లో మా ఇంటి వెనకున్న చెక్క కంచె, దాని అవతల పక్కింటివాళ్ల కంచె చూస్తూ కూర్చుంటున్నారు పాపం, ఒక వారం పచ్చగా ఉన్నచోటికి తీసుకెళ్దామని మా ఆశ. హాఫ్ టర్మ్‌లో తప్ప కుదరదు. స్కూలు ఉండగా వారం రోజులు ఎగ్గొడితే 2024 ఆగస్టు నుంచి ఒక్కో పిల్లకి, తల్లికి వేరుగా తండ్రికి వేరుగా 80 పౌండ్ల జరిమానా, మూడు వారాల్లో కట్టకపోతే 160. మా ఇంట్లో ఇద్దరు పిల్లలు, లెక్క మీరే వేసుకోండి. మీరు ఎప్పుడో వేసే ఉంటారు లెండి, లేకపోతే అంతకుముందు వారం తొమ్మిది వందలున్న మీ అద్దె హాఫ్ టర్మ్ రాగానే పదహారు వందలు ఎందుకవుతుంది.

డబ్బు సంగతి వదిలేద్దాం. శుక్రవారం నుంచి శుక్రవారం దాకా అయితేనే ఇస్తామంటారు, అదీ వదిలేద్దాం. సాయంత్రం నాలుగింటికి ముందు గడప తొక్కకూడదు, వెళ్లే రోజు పొద్దున పదింటికల్లా ఖాళీ చేయాలి, చేసేముందు దుప్పట్లు తీసి, గిన్నెలు కడిగి, చెత్త ఏ డబ్బాది ఆ డబ్బాలో వేసి పెట్టాలి. సరే. ఫోన్‌కి సిగ్నల్ రాదు, చర్చి దాటాక కారులో దారి చెప్పే శాట్‌నావ్‌ని నమ్మొద్దు, వంటింట్లో వైన్ గ్లాసులు ఎనిమిది ఉంటాయి కానీ నలుగురికి అన్నం ఉడికే గిన్నె ఒక్కటుండదు, పోపు వేస్తే స్మోక్ అలారం మోగి గొర్రెలు కూడా ఇటే చూస్తాయి, పబ్‌లో తిందామంటే మనకి ఆకలేసే టైముకి వాళ్ల వంటగది మూసేసి ఉంటుంది. వీటన్నిటికీ ఎప్పుడో అలవాటు పడిపోయాం. కుక్కర్ మేమే తెచ్చుకుంటాం.

నా గొడవంతా ఒక్కటే. మీ మెట్లు ఎలా ఉంటాయి? మీ బాత్రూమ్ ఎక్కడుంటుంది?

నాన్నకి డెబ్బై నాలుగు. షుగరుంది, ప్రోస్టేటుంది, రాత్రి రెండు మూడుసార్లు లేస్తారు. అమ్మకి మోకాళ్లు. ఇది మా ఇంటి ప్రత్యేకత కాదు, విజిటర్ వీసా మీద హీత్రూలో దిగే తల్లిదండ్రుల్లో సగంమంది ఇంచుమించు ఇలాగే ఉంటారు. ఇంగ్లిష్‌వాళ్ల తల్లిదండ్రులకి మాత్రం మోకాళ్లుండవా, వాళ్లు మాత్రం రాత్రి లేవరా?

మీ ఫొటోలు ముప్పైకి పైగా ఉన్నాయి. అన్నీ చూశాను, జూమ్ చేసి మరీ చూశాను. గుమ్మం పక్కన గులాబీ తీగ. కిటికీ గట్టు మీద జగ్గులో లావెండర్. మంచం మీద ట్రే, ట్రేలో రెండు కప్పులు, కప్పుల పక్కన మడత విప్పని పేపరు. పొయ్యిలో మంట. అదే మంట ఇంకో వైపు నుంచి. రబ్బరు బూట్లు ఒక జత, ఎవరివో తెలీదు. గేటు అవతల గొర్రె. ఆ గొర్రెకి మూడు ఫొటోలు దక్కాయండీ, మీ మెట్లకి ఒక్కటి దక్కలేదు. పెళ్లిచూపులకి ముందు పంపే ఫొటో ఎప్పుడూ ఒక పక్కనుంచే ఎందుకు తీయిస్తారో మా పెద్దవాళ్లకి బాగా తెలుసు. అమ్మ కళ్లజోడు సవరించుకుని మీ ఫొటోలు అటు చివర్నుంచి ఇటు చివరికి చూసి, "వీళ్లేదో దాస్తున్నారే" అంది.

వెతికేచోట టిక్కు పెట్టుకోడానికి మాత్రం ఎన్ని గడులో. హాట్ టబ్ కావాలా, కట్టెల పొయ్యి కావాలా, సముద్రం కనిపించాలా, కారుకి చార్జింగ్ కావాలా, కుక్కలు ఎన్ని, ఒకటా రెండా మూడా. కుక్క వస్తానంటే దానికి తువ్వాలూ గిన్నే బిస్కెట్లూ సిద్ధం. రాత్రి మంచం దిగితే పది అడుగుల్లో బాత్రూమ్ కావాలా అని అడిగే గడి ఎక్కడా లేదు. కింద పడకగది కావాలంటే యాక్సెసిబుల్ అనే గడి ఉంది కదా అంటారు. నొక్కాను. మీరుండే కాట్స్‌వోల్డ్స్ కొండప్రాంతం మొత్తం మీద చేతివేళ్లకి సరిపడా మిగిలాయి, అవన్నీ ఆ వారానికి ఎవరో తెలివైనవాళ్లు ఎప్పుడో పట్టేసుకున్నారు.

అలా కట్టడంలో మీ తప్పేం లేదని నాకూ తెలుసు. మీలో చాలామంది పుట్టింది పొలం కూలీల కోసం, నేతపనివాళ్ల కోసం. మీ కాట్స్‌వోల్డ్స్‌లోనే బైబరీ అనే ఊళ్లో అందరూ ఎగబడి ఫొటోలు దిగే ఆర్లింగ్టన్ రో అనే ఇళ్ల వరస ఉంది చూశారా, అది 1380 ప్రాంతంలో ఉన్ని నిలవచేయడానికి కట్టిన కొట్టు, 17వ శతాబ్దంలో దాన్ని నేతగాళ్ల ఇళ్లుగా మార్చారు. కింద రెండు గదులు, పైన రెండు గదులు, దొడ్డి చివర మరుగుదొడ్డి, మీలాంటి చాలా ఇళ్ల అసలు రూపం అది. తర్వాతెప్పుడో ఇంట్లోకి నీళ్ల పైపులొచ్చాక, వంటింట్లో కుళాయి ఎలాగూ ఉంది కదా అని దాని వెనకే ఒక వసారా దించి బాత్రూమ్ అక్కడ పెట్టేశారు. మా అమ్మమ్మగారింట్లోనూ దొడ్డి చివరే ఉండేది కాబట్టి ఈ చరిత్ర మీద నాకు గౌరవమే. ఇప్పుడు మార్చుదామన్నా లిస్టెడ్ బిల్డింగ్, అంటే చట్టం కాపాడే పాత కట్టడం అంటారు, పాత కిటికీ తీసి కొత్తది పెట్టాలన్నా కౌన్సిల్ అనుమతి కావాలంటారు. అంతా ఒప్పుకుంటాను. కానీ మెట్లు మార్చమని నేనెప్పుడన్నాను? ఫొటో తీసి పెట్టమన్నాను. దానికి ఏ కౌన్సిల్ అనుమతీ అక్కర్లేదు.

ఇదే ఇల్లు రేపు అమ్మకానికి పెడితే ఏం చేస్తారు? ఫ్లోర్ ప్లాన్ పెడతారు. ఏ గది ఎన్ని మీటర్లు, మెట్లు ఎటు తిరుగుతాయి, అల్మరా తలుపు ఎటు తెరుచుకుంటుంది, అన్నీ గీసి చూపిస్తారు. ఈ దేశంలో ఇల్లు కొనాలని సరదాకి వెతికేవాడికి కూడా ఆ కాగితం ఊరికే దొరుకుతుంది. పదహారు వందలు ముందే కట్టి, ముసలివాళ్లని వెంటబెట్టుకుని వచ్చేవాళ్లకి మాత్రం లావెండర్ చూపిస్తారు. ధరల విషయంలో మీవాళ్లు ఇలాగే ఆడుకుంటుంటే చట్టం రావలసి వచ్చింది, తప్పనిసరి ఫీజులన్నీ మొదట చూపించే ధరలోనే కలపాలని 2025 ఏప్రిల్ 6 నుంచి రూలు. మెట్లకీ ఒక చట్టం వచ్చేదాకా ఆగమంటారా?

ఇంతకీ మీ మెట్ల వివరాలు నాకెలా తెలిశాయంటే, అక్కడ ఉండొచ్చినవాళ్ల రివ్యూలన్నీ చదివాను. అందరూ అయిదు చుక్కలే ఇచ్చారు. ఫ్రిజ్‌లో పాలు పెట్టారట, స్కోన్లు పెట్టారట, పొద్దున్నే కిటికీ దగ్గరికి పిచ్చుకేదో వచ్చిందట. ఎవరో ఒక్క పుణ్యాత్ముడు మాత్రం, తనకి నడుం ఆపరేషన్ అయి ఉన్నందువల్ల కాబోలు, నాలుగే ఇచ్చి కింద ఉన్నదున్నట్టు రాశాడు. ఆయన రాసిందాన్ని బట్టి నేనొక దారి గీసుకున్నాను. వినండి. అసలు ఇంక గారూ, మీరూ అనడం నా వల్ల కాదు, విను.

అర్ధరాత్రి రెండయింది. నాన్నకి మెలకువ వచ్చింది. పైకప్పు ఏటవాలుగా ఉన్న గది, మంచం గోడ వైపు, కాబట్టి అమ్మని లేపి అమ్మ మీంచి దిగాలి. దిగి నిలబడగానే నెత్తికి దూలం. నీ దూలానికి నాలుగు వందల ఏళ్ల వయసుందని బోర్డు పెట్టావట, తగిలించుకునేవాడికి వయసుతో పనేంటి? తలుపుకి గడియ కాదు, పాతకాలపు ఇనప మీట, అది ఎత్తితే ఊరంతా లేస్తుంది. తలుపు తీశాక అడుగు పెట్టడానికి నేల లేదు, మొదటి మెట్టే. మెట్టు ఒక పక్క జానెడు, ఇంకో పక్క బెత్తెడు, మధ్యలో మలుపు, పట్టుకోడానికి చెక్క కూడా కాదు, తాడు! ఓడ అనుకున్నావా? అది దిగితే హాలు. హాల్లో సోఫా బెడ్ మీద పిల్లలు, ఎందుకంటే ఆరుగురు పడుకోవచ్చని నువ్వు రాసిన లెక్కలో ఆ ఇద్దరూ అక్కడే. దీపం వేస్తే వాళ్లు లేస్తారు కాబట్టి చీకట్లో. హాలు నుంచి వంటింట్లోకి మళ్లీ రెండు మెట్లు కిందికి, అవి ఉన్నాయని తెలిసేది కాలు గాల్లో ఉన్నప్పుడు. రాతి నేల, మంచులా చల్లగా. వంటిల్లు దాటి, ఫ్రిజ్ పక్కనుంచి ఒరుసుకుని, ఇంకో తలుపు తీసి, లోపల స్విచ్చు కోసం గోడంతా తడిమి, ఈ దేశంలో బాత్రూముల్లో గోడకి స్విచ్చుండదని గుర్తొచ్చి, పైనుంచి వేలాడే దారం కోసం గాల్లో చెయ్యి తిప్పి, దొరికితే లాగి.

ఇదంతా వెళ్లడానికి. తిరిగి పైకెక్కాలి. మళ్లీ నాలుగింటికి ఇంకోసారి.

అదో సరదాగా ఉంటుందా? ఎవరికి?

నాకు కోపం ఇందుకు కూడా కాదు. నేను ఈ దారంతా పైకే చదువుతుంటే నాన్న విన్నారు. విని, "ఏముందే, ఆ వారం సాయంత్రం ఆరు తర్వాత నీళ్లు తాగను, సరిపోతుంది కదా" అన్నారు. షుగరున్న మనిషి, నీ అందం చెడకుండా ఉండడానికి గొంతు ఎండగట్టుకుంటానని ఎంత తేలిగ్గా అన్నారో. నువ్వు మెట్ల ఫొటో ఒక్కటి పెట్టి ఉంటే మధ్యాహ్నమే నిన్ను దాటేసి ఇంకో ఇంటికి వెళ్లిపోయేదాన్ని, ఆయన నోటి నుంచి ఆ మాట వచ్చేదే కాదు.

కాట్స్‌వోల్డ్స్ మానేసి లేక్ డిస్ట్రిక్ట్ చూద్దామన్నారు మావారు. చూశాం. బారోడేల్ లోయలో ఒకటి దొరికింది. ఇంగ్లండ్‌లో మనుషులు కాపురముండే చోట్లలో అన్నిటికంటే ఎక్కువ వాన కురిసేదని చెప్పే సీత్‌వెయిట్ ఆ లోయలోనే ఉంది, ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల పైమాటే. గోదావరి వరదలు చూసిన మనిషికి వానొక లెక్కా అన్నారు నాన్న. కానీ అక్కడా తాడే. కార్న్‌వాల్ వైపు వెళ్లే ధైర్యం లేదు. సెయింట్ ఐవ్స్‌లో 2016లో ఊరివాళ్లు ఓటింగ్ పెట్టుకుని, కొత్తగా కట్టే ఇళ్లని సెకండ్ హోమ్స్‌గా, అంటే వేరేచోట కాపురముంటూ అప్పుడప్పుడు వచ్చిపోయేవాళ్లకి రెండో ఇళ్లుగా, అమ్మడానికి వీల్లేదని 80 శాతానికి పైగా ఓట్లేశారు. సొంత ఊళ్లోవాళ్లకే నువ్వూ నీ చుట్టాలూ అంటే అంత విసుగు పుట్టాక మాలాంటివాళ్లం ఇంకేమనాలి.

హోటల్‌కి పోవచ్చు కదా అంటావు. లిఫ్టుంటుంది, పక్కనే బాత్రూముంటుంది, దీపం గోడకే ఉంటుంది. నిజమే. కానీ అమ్మ పొద్దున్నే లేచి నైటీ మీద శాలువా కప్పుకుని కాఫీ గ్లాసు పట్టుకుని వాకిట్లోకి వెళ్లి నిలబడాలంటే హోటల్లో వాకిలేదీ? పిల్లలు గడ్డిలో పడి దొర్లాలంటే, నాన్న ప్రహరీ గోడకి ఆనుకుని పక్కపొలం రైతుతో తనకొచ్చిన ఇంగ్లిష్‌లో ఎరువుల రేట్లు మాట్లాడాలంటే నువ్వే కావాలి. ఆ సంగతి నీకు తెలుసు. అందుకే ఇంత పొగరు. తేనెరంగు రాయి, వంకర కప్పు, సాయంత్రమయ్యేసరికి కట్టెల పొగ వాసన, రెడింగ్ నుంచి గంటన్నర దూరం. నిన్ను పూర్తిగా అసహ్యించుకుందామన్నా కుదరనివ్వవు.

కాబట్టి ఇప్పటికి మా ఇంట్లో తేలింది ఇది. పిల్లలు పైన, దూలం కిందకి వాళ్ల ఎత్తు సరిపోతుంది. మేమిద్దరం ఇంకో గదిలో. అమ్మా నాన్నా హాల్లో సోఫా బెడ్ మీద, అక్కణ్ణుంచి బాత్రూమ్‌కి ఆ రెండు మెట్లే. పదహారు వందలు పోసి కన్నవాళ్లని సోఫా మీద పడుకోబెట్టే ఏర్పాటుకి నాన్న ఎగిరి గంతేసి ఒప్పుకున్నారు, అమ్మ నోరు తెరవలేదు.

డబ్బు కట్టేముందు ఒక్కటి చెప్పు. ఆ సోఫా బెడ్ విప్పితే నడుం కింద ఇనప కడ్డీ తగులుతుందా, తగలదా? మాటలొద్దు, ఫొటో పంపు. విప్పి పరిచినప్పటిది. పైన దుప్పటీ, దిళ్లూ, ట్రే, కప్పులూ ఏమీ లేకుండా.

ఇట్లు,
రెడింగ్ నుంచి ఒక కూతురు