అజంప్షన్స్ షీటు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ అజంప్షన్స్ షీటు గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. రవాణా, విద్యుత్తు ప్రాజెక్టులకు గణిత నమూనాలు కట్టి పొట్టపోసుకునే కన్సల్టెంటును. తమరు నా ఎక్సెల్ ఫైలులో, లెక్కకు ముందే మేం ఊహించి పెట్టుకునే అంకెలుండే చిట్టచివరి ట్యాబు, నివేదికలో చిన్న అక్షరాల అనుబంధం. అయినా పెత్తనమంతా తమరిదే.

లోకం మాత్రం గణితాన్ని మెచ్చుకుంటుంది. 1939లో సోవియట్ గణితవేత్త కాంటొరోవిచ్ ప్లైవుడ్ లెక్క తేలుస్తూ, ఉన్న వనరులను మేలైన రీతిలో పంచే లీనియర్ ప్రోగ్రామింగ్‌కు దారి వేశాడు. 1947లో అమెరికా గణితవేత్త డాంట్‌జిగ్ ఆ లెక్క తేల్చే సింప్లెక్స్ పద్ధతి కనిపెట్టాడు. ఆ సింప్లెక్స్ ఎంత బుద్ధిమంతురాలంటే, తమరు ఇచ్చిన అంకెలతోనే అత్యుత్తమ సమాధానం వెతికి తెస్తుంది. అవి ఎక్కడివని ఒక్కనాడూ అడగదు. ఇంత మంచి గుమస్తా ఏ కచేరీలో దొరుకుతాడు?

తమరి మహిమ చూడాలంటే మెట్రో నివేదికలు తిరగేయాలి. 2017 మెట్రో రైలు విధానం ప్రకారం ఆర్థిక ప్రతిఫల రేటు, అంటే పెట్టిన డబ్బు మీద సమాజానికి ఏటా దక్కే లాభం, కనీసం 14 శాతం ఉండాలి. అందులో ప్రయాణికులకు మిగిలే సమయం పెద్ద పద్దు. ఆ సమయాన్ని రూపాయల్లోకి మార్చే గడి తమరి ఒళ్లోనే, పసుపు రంగులో ఉంటుంది. లెక్క మొదట 12 దగ్గర ఆగుతుంది. క్లయింటు ఫోను చేసి, "మనవాళ్ల టైముకు మరీ ఇంత తక్కువ విలువ కట్టారేమిటండీ?" అని నొచ్చుకుంటారు. నిజమే, ప్రజలంటే గౌరవం ఉండాలి కదా! గడిలో అంకె పెరుగుతుంది. బస్టాపులో చెమటలు కక్కుతున్న మనిషి జీతం పైసా పెరగదు, అతని గంట ఖరీదు మాత్రం రాత్రికి రాత్రి పెరుగుతుంది. లెక్క 14.2కు చేరుతుంది. మర్నాడు మిఠాయిలు.

డెన్మార్క్ పరిశోధకుడు బెంట్ ఫ్లివ్‌బ్యెర్గ్ బృందం 14 దేశాల్లోని 210 రవాణా ప్రాజెక్టులను పరిశీలించి, రైలు ప్రాజెక్టుల్లో పదింట తొమ్మిదింటికి ప్రయాణికుల అంచనా అసలు ఎక్కినవాళ్ల సంఖ్య కంటే ఎక్కువగా ఉందని 2005లో తేల్చింది. మామూలు పొరపాట్లయితే సగం అటు, సగం ఇటు పోవాలి. తమరి పొరపాట్లకు దిక్కు బాగా తెలుసు. పైగా తమరిని పది శాతం అటూఇటూ కదిపి, 'సెన్సిటివిటీ' అని ఒక అధ్యాయం రాస్తాం. సగానికి సగం తగ్గించి చూడం, అది మర్యాద కాదు.

కృష్ణా-గోదావరి గ్యాసు సంగతి తమరికి వేరే చెప్పాలా? అక్కడి డీ6 క్షేత్రం నుంచి రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు తీయాలన్నది ప్రణాళిక. 2010లో 6 కోట్ల దాకా వచ్చి, ఆపైన దిగజారింది. కొండపల్లి, వేమగిరి విద్యుత్ కేంద్రాల టర్బైన్లు గ్యాసు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశాయి. నమూనాలను ఏమనగలం? గ్యాసు వస్తే యూనిట్లు ఎన్నో, రెండు దశాంశాల వరకు చెప్పగలవు.

తమరిని నివేదిక మొదటి పేజీకి రమ్మని పిలవను. మా బిల్లు ఆగిపోతుంది. ఒకటే విన్నపం. సోమవారం కొత్త క్లయింటు బ్యాటరీ నిల్వ ప్రాజెక్టు తెస్తున్నారు. బ్యాటరీ ధర ఏటా ఎంత శాతం తగ్గితే బాగుంటుందో వారింకా సెలవివ్వలేదు. అంతవరకు ఆ పసుపు గడి ఖాళీగా ఉంచుతున్నాను. అన్యథా భావించవద్దు.

ఇట్లు,
తమ విధేయుడు