ఆ చిరాకు ఆఫీసుదేనా?

బెంగళూరు మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే తెలుగు అమ్మాయిల్లో గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లంతా పిల్లలు వద్దనుకునేవాళ్లే కాదు. పీసీఓడీ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ సమస్య) అనో, నెలసరి సరిగా రావడం లేదనో డాక్టరే రాస్తారు. వికారం ఉండొచ్చని చెబుతారు. మూడ్ సంగతి, కోరిక సంగతి అరుదుగా ఎత్తుతారు. రెండు నెలలకు ఊరికే ఏడుపొస్తున్నా, భర్త దగ్గరికొస్తే విసుగేస్తున్నా తప్పు ట్రాఫిక్ మీదకో, మేనేజర్ మీదకో పోతుంది. మాత్ర మీదకి మాత్రం పోదు.

అమ్మనడుగుదామంటే ఆవిడకు తెలిసింది పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఒక్కటే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ వివాహితల్లో దాదాపు 70 శాతం మంది అది చేయించుకున్నవాళ్లే. మాత్రలు వాడేవాళ్లు ఒక్క శాతం కూడా లేరు.

స్వీడన్‌లో 340 మంది ఆరోగ్యవంతులైన యువతుల్లో కొందరికి అసలు మాత్ర, మిగతావాళ్లకు మందు లేని మాత్ర మూడు నెలలు ఇచ్చారు. ఎవరు ఏది మింగుతున్నారో వాళ్లకూ తెలియదు, డాక్టర్లకూ తెలియదు. 2016, 2017లో ఫలితాలు వచ్చాయి. డిప్రెషన్ లక్షణాలు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. కానీ మాత్ర వేసుకున్నవాళ్లలో హుషారు, కోరిక, తృప్తి కొంత తగ్గాయి. ఇంతకీ ఆ మాత్రలో ఉన్నది 0.15 మి.గ్రా. లెవోనార్జెస్ట్రెల్, 0.03 మి.గ్రా. ఇథినైల్ ఈస్ట్రడయోల్ అనే రెండు హార్మోన్లు. మన దగ్గర దొరికే మాలా-డి గర్భనిరోధక మాత్రలోనూ అవే, అదే మోతాదులో!

కోరిక తగ్గడానికి ఒక కారణం చెబుతారు. ఈ మాత్రలతో, హార్మోన్లను పట్టి ఉంచే ఒక ప్రొటీన్ రక్తంలో పెరుగుతుంది. దాంతో ఒంటికి అందే టెస్టోస్టిరాన్ తగ్గుతుంది. అయితే అందరికీ కోరిక తగ్గదు. గర్భం వస్తుందన్న టెన్షన్ పోయి హాయిగా ఉన్నామనేవాళ్లూ ఉన్నారు.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది టీనేజీ పిల్లల విషయం. డెన్మార్క్‌లో 10 లక్షల మందికి పైగా మహిళల రికార్డులు చూస్తే, మిశ్రమ హార్మోన్ మాత్రలు (ఇలా రెండు రకాల హార్మోన్లు కలిసినవి) వాడిన 15-19 ఏళ్లవాళ్లు డిప్రెషన్ మందులు మొదలుపెట్టడం, వాడనివాళ్లతో పోలిస్తే 1.8 రెట్లుంది. మాత్రే కారణమని దీంతో తేలిపోలేదు. కానీ మొటిమలకని ఇంటర్ పిల్లకు ఇవి రాసేటప్పుడు మనసు ఎలా ఉంటోందని అడగడానికి రెండు నిమిషాలు చాలు.

తేడా కనిపిస్తే చెప్పాపెట్టకుండా మానేయడం కన్నా డాక్టర్‌ని అడిగి వేరే రకానికి మారడం మేలు. కాపర్-టీలో హార్మోన్ ఉండదు, కాకపోతే బ్లీడింగ్ పెరగొచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే ఛాయా అనే గర్భనిరోధక మాత్రలోనూ ఈ హార్మోన్లు లేవు గానీ, పీసీఓడీ ఉన్నవాళ్లకు అది ఇవ్వరు.