ఎన్ని పాయింట్లు ఇచ్చారన్నది కాదు, ఎవరికి ఇచ్చారన్నది చూడాలి

జెర్సీ సిటీలో జర్నల్ స్క్వేర్ వైపు తిరిగే మనవాళ్లకు సెయింట్ పీటర్స్ యూనివర్సిటీ తెలిసే ఉంటుంది. దాని బాస్కెట్‌బాల్ టీమ్ గురించి మాత్రం 2022 మార్చి దాకా బయటివాళ్లు పెద్దగా మాట్లాడుకోలేదు. ఆ నెల 15వ సీడ్‌గా, అంటే దాదాపు అట్టడుగు ర్యాంకుతో, కాలేజీ టీముల జాతీయ పోటీ అయిన ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లోకి వచ్చి కెంటకీని ఓవర్‌టైమ్‌లో 85-79తో, ఆ తర్వాత మర్రే స్టేట్‌ని, ఆపైన పర్డ్యూని 67-64తో ఓడించింది. 15వ సీడ్ ఎలీట్ ఎయిట్ (చివరి ఎనిమిది టీములు) దాకా రావడం అదే మొదటిసారి. ఏడడుగుల నాలుగంగుళాల జాక్ ఈడీ, ఆ ఏడాదే ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో అయిదో పిక్‌గా వెళ్లిన జేడెన్ ఐవీ ఉన్న పర్డ్యూ 64 దగ్గరే ఆగిపోయింది. తర్వాతి ఆటలో నార్త్ కరొలైనా 69-49తో గెలిచిన మాట నిజమే. అంతమాత్రాన ముందు మూడు ఆటల్లో కనిపించిన డిఫెన్స్ ఉత్తిది అయిపోదు.

"చిన్న కాన్ఫరెన్స్‌లో ఆడితే ఎవరైనా ఆపుతారు" అని బ్రాకెట్లు (టోర్నమెంట్‌లో ఎవరు గెలుస్తారో ఊహించి రాసే పట్టికలు) నింపేటప్పుడు మన గ్రూపుల్లోనూ వింటుంటాం. కాన్ఫరెన్స్ అంటే కాలేజీ టీములు తమలో తాము ఆడుకునే లీగ్. ఈ మాట సగమే నిజం. ఆ సగం నిజమే చిన్న కాలేజీల పిల్లలకు ఏటా అన్యాయం చేస్తోందని నా గట్టి నమ్మకం.

ముందుగా, మ్యాచ్‌కి ఎన్ని పాయింట్లు ఇచ్చారన్న లెక్కను పక్కన పెట్టాలి. ఒక టీమ్ 30 సెకన్ల షాట్ క్లాక్ (షాట్ వేయడానికి ఇచ్చే గడువు) అయిపోయేదాకా నింపాదిగా ఆడుతుంది. దాని ఆటలో ఒక్కో వైపుకి 60 పొసెషన్లే (బంతి చేతికొచ్చే వంతులు) వస్తాయి, 60 పాయింట్లు ఇస్తుంది. ఇంకో టీమ్ పరుగులు పెట్టి ఆడుతుంది. 72 పొసెషన్లలో 68 ఇస్తుంది. పేపర్లో చూస్తే మొదటిదే గట్టి డిఫెన్స్. నూరు పొసెషన్లకు లెక్కేస్తే మొదటిది 100 ఇచ్చింది, రెండోది 94 చిల్లర. అంటే రెండోదే మేలు. కాలేజీ బాస్కెట్‌బాల్ అంకెలు లెక్కగట్టే కెన్ పోమరాయ్ ఈ లెక్కను ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లి, ఎదుటివాళ్ల బలాన్ని బట్టి సవరించి చూపించాడు. చిన్న టీమ్ మీద తీసిన అయిదు వికెట్లనీ, మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా మీద తీసిన అయిదు వికెట్లనీ మనం ఒకే తూకం వేయం కదా, అదే సూత్రం.

చిక్కంతా ఆ సవరణలోనే ఉంది. ఏ కాన్ఫరెన్స్ ఎంత బలమైనదో తేల్చే ఆటలు చాలావరకు నవంబర్, డిసెంబర్ నెలల్లోనే అయిపోతాయి. జనవరి నుంచి అందరూ తమలో తామే ఆడుకుంటారు. ఒక లీగ్‌లోని టీములన్నీ జనవరి తర్వాత డిఫెన్స్ బాగా మెరుగుపరుచుకున్నాయనుకోండి, అది అంకెల్లో ఎక్కడా కనిపించదు. ఒకరి మంచి డిఫెన్స్ ఇంకొకరి చెడ్డ అఫెన్స్‌గా నమోదవుతుంది, లీగ్ మొత్తం డిసెంబర్‌లో ఉన్నచోటే ఉండిపోతుంది.

పోనీ ఆ నవంబర్ ఆటలైనా సమానంగా జరుగుతాయా అంటే, అదీ లేదు. పెద్ద స్కూళ్లు డబ్బిచ్చి చిన్న స్కూళ్లను తమ కోర్టుకే రప్పించుకుంటాయి. తిరిగి వాళ్ల ఊరికి వెళ్లవు. 2018-19 నుంచి, టోర్నమెంట్‌కి టీములను ఎంచే సెలెక్షన్ కమిటీ వాడుతున్న నెట్ ర్యాంకింగ్ ఆట ఎక్కడ జరిగిందో లెక్కలోకి తీసుకుంటుంది. సొంత కోర్టులో అయితే తొలి 30 ర్యాంకుల్లోని టీమ్‌తో, ఎదుటివాళ్ల కోర్టులో అయితే తొలి 75లోని టీమ్‌తో ఆడితేనే అది క్వాడ్ 1 ఆట, అంటే అన్నింటికన్నా విలువైన తరగతి ఆట. మంచిదే. కానీ ఆ స్థాయి టీములు చిన్నవాళ్లతో ఆడటానికే ఒప్పుకోకపోతే, వాళ్లు తమ డిఫెన్స్‌ను ఎవరి మీద నిరూపించుకోవాలి?

"అక్కడ సరే, ఇక్కడికొస్తే తెలుస్తుంది" అనేవాళ్లకు హ్యూస్టన్ జవాబు చెప్పింది. 2022-23లో అమెరికన్ కాన్ఫరెన్స్‌లో 17-1తో గెలిచిన టీమ్ మరుసటి ఏడాది పెద్ద లీగుల్లో ఒకటైన బిగ్ 12లోకి మారింది. కోచ్ అదే కెల్విన్ శాంప్సన్, పద్ధతీ అదే. ఎదుటివాళ్లు స్క్రీన్ (డిఫెండర్ దారికి అడ్డుగా నిలబడటం) పెట్టగానే బంతి ఉన్నవాడి మీదికి ఇద్దరు దూకుతారు, మిగిలిన ముగ్గురు వెనక పాస్ దారులు మూసేస్తారు. బంతి ఎలాగో బయటపడేలోపు ఆ ఇద్దరిలో ఒకడు మళ్లీ తన మనిషి దగ్గరికి పరుగెత్తుకొచ్చేస్తాడు. ఇది బలహీనుల మీదే పనిచేసే ఎత్తు అయితే బిగ్ 12లో తేలిపోవాలి. మొదటి ఏడాదే 15-3తో, రెండో ఏడాది 19-1తో లీగ్ గెలిచారు. 2025 ఏప్రిల్‌లో ఫైనల్‌కి వెళ్లి ఫ్లోరిడా చేతిలో 65-63తో ఓడారు. అందరూ హ్యూస్టన్ కాలేరు, ఒప్పుకుంటాను. చిన్న లీగుల్లో ఉత్తుత్తి డిఫెన్సులూ ఉంటాయి. అయితే ఏది ఉత్తిదో, ఏది గట్టిదో ఆడించి తేల్చాలి గానీ లీగ్ పేరు చూసి కాదు.

దీనికి దారి లేకపోలేదు. 2003 నుంచి 2013 దాకా ఈఎస్‌పీఎన్ ఫిబ్రవరిలో బ్రాకెట్‌బస్టర్స్ పేరుతో చిన్న కాన్ఫరెన్సుల టీముల మధ్య ఆటలు పెట్టించేది. 2023 నుంచి మిడ్-అమెరికన్, సన్ బెల్ట్ కాన్ఫరెన్సులు నవంబర్‌తో పాటు ఫిబ్రవరిలోనూ ఒకదానితో ఒకటి ఆడుతున్నాయి. ఈ రెండింట్లోనూ పెద్దవాళ్లు లేరు. బిగ్ టెన్ లాంటి పెద్ద లీగులు తమలో తాము ఆడుకునే 20 ఆటల్లో ఒక్కటి తగ్గించుకుని, ఫిబ్రవరిలో ఒక వారం చిన్న లీగుల మొదటి వరుస టీములతో ఆడాలి. అందులో సగం ఆటలు ఆ చిన్న జిమ్ముల్లోనే జరగాలి. కమిటీ ఎంపికకు అప్పటికి ఇంకా నెల టైమ్ ఉంటుంది.